మూజువాణి

పార్టీ ఆఫీసులో రాసిచ్చిన కాగితం చొక్కా జేబులో ఉంది.
దాన్ని చదవడానికే వచ్చాను,
నెల్లూరు నించి రెండు కార్లలో,
అల్లూరు దాటాక ఉప్పు కయ్యల గట్టుమీద
టార్పాలిన్ కింద వేసిన ప్లాస్టిక్ కుర్చీలోకి.

మూడు బిల్లులు, అని మొదలుపెట్టాను.

మొదటిది ఇంటిపన్నుది. కొత్త లెక్క.
నాకు పూర్తిగా అర్థం కాలేదు, అయినా అవునన్నాను.
"అర్థం కాకుంటే అవునని ఏంటికన్నావు సామీ?"
అడిగాడు తుపాకుల పోలయ్య.
పక్కాయన అన్నాడు గనక, అనలేదు నేను.
గ్రామాల అభివృద్ధి కోసం, అన్నాను.

రెండోది మా జీతాలది.
చర్చ లేదు. ఎదుటి బల్లలవాళ్లూ మేమూ
ఏడాది మొత్తానికీ ఆ ఒక్కసారే ఒక్క గొంతయ్యాం.
పొద్దున్నించీ తిట్టుకున్న నోళ్లు
ఎంత తియ్యగా కలిశాయో!
టీ చల్లారేలోగా అయిపోయింది.
ఇది కాగితంలో లేదు. ఎందుకు చెప్పానో తెలీదు.
ఎవరూ కోప్పడలేదు, నవ్వారు.
ఆ నవ్వుకంటే రాయి నయం.

మూడోదాని కోసమే వాళ్లొచ్చారని నాకు తెలుసు.
తీర భూముల సవరణ.
పదిహేడు పేజీలు. పదకొండో పేజీలో ఒక్క ముక్క:
'వినియోగంలో లేని ఉప్పు భూములు.'

మస్తానమ్మ లేచింది.
మోకాళ్లదాకా తెల్లగా ఎండిన చారలు.
"వినియోగంలో లేనివంటే ఏంది అబ్బయా?
కార్తీకం వానలకి కయ్యలు మునిగుంటాయి.
అప్పుడొచ్చి చూసినోడికి చెరువనిపిస్తాది.
మాఘంలో రమ్మను.
నీళ్లు చిక్కబడి, అంచుల్లో పొర కట్టి,
చెప్పుల్లేకుండా నడిస్తే పాదం కోసకపోతాది.
అప్పుడు రమ్మను."

సభ ఎట్టా నడుస్తుందో వివరించాను.
అధ్యక్షులు అడుగుతారు:
అనుకూలురు అవుననండి, వ్యతిరేకులు కాదనండి.
అందరం ఒక్కసారే అరుస్తాం.
ఏ గొంతు పెద్దదని ఆయనకు తోస్తే అదే చట్టం.
పేర్లు రాసుకోరు. మూజువాణి ఓటంటారు.

"మూజువాణి," అని నోట్లో తిప్పుకుంది,
కొత్త ఉప్పు రుచి చూసినట్టు.
"అయితే నువ్వేమన్నావో యాడా రాసుండదు."
ఉండదు.
"నీకు గుర్తుండదా?"

విప్ జారీ చేశారు, అన్నాను.
అదేంది, అన్నారెవరో.
గొర్రెల్ని మళ్లేసే కర్ర, అన్నాడు పోలయ్య.
కాదనలేదు నేను.
కాదనడం అప్పటికే అలవాటు తప్పింది.

నిజం ఇది: ఆ క్షణాన నాకు దగ్గొచ్చింది.
దొంగ దగ్గేం కాదు. ఏసీ చలి.
నా ఎడమన అవును, నా కుడిన అవును,
మధ్యన నా దగ్గు.
అదీ అవునన్నవాళ్ల లెక్కలోనే పడుంటుంది,
చప్పుడే కదా.

ఇదే చెప్పాను వాళ్లకి.
గన్‌మన్ తల దించుకున్నాడు.
పీఏ ఫోను చెవిన పెట్టుకుని దూరంగా నడిచాడు,
మోగని ఫోను.

ఉప్పు తిన్న విశ్వాసం అని ఎవరైనా అనుంటే బావుండేది.
అలాంటివాటికి నా దగ్గర జవాబులున్నాయి.

మస్తానమ్మ కాసేపు మాట్లాడలేదు.
ఉప్పు కుప్పమీద జారిన తాటాకు సర్దింది.
"ఈడ మైకు లేదు. నీ కర్రా లేదు.
ఇప్పుడను, ఇందాం."

కాదు, అన్నాను.

"గట్టవతల పిలకాయలుండారు. వాళ్లకి ఇనపళ్లా."

కాదు.

గాలి సముద్రం వైపునించి.
మాట తిరిగొచ్చి నా మొహానికే తగిలింది, చప్పగా.
ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు.
ఎవరో స్టీలు గ్లాసులో టీ ఇచ్చారు.
ముందే అనుకున్నారో, అప్పుడే మనసు మారిందో.

కారులో కాగితం తీశాను.
చెమటకి మడత దగ్గర అక్షరాలు కలిసిపోయాయి.
వచ్చే సమావేశాలు ఆషాఢంలో.
సవరణకు నోటీసు ఎన్నిరోజుల ముందివ్వాలి,
అడిగాను పీఏని.

ముందుసీటులోంచి, అద్దంలో నన్ను చూశాడు.
"సార్, దగ్గు తగ్గిందా?"